పొగమంచులో పళ్ళెం చప్పుడు

దెయ్యాలూ, గాలీ ధూళీ అంటే నేను నవ్వేసేదాన్ని. పుట్టి పెరిగింది కొల్లేటి లంకలో. చీకట్లో ఒక్కదాన్నీ దోనె తోసుకుంటూ ఇంటికొచ్చినదాన్ని, నాకు భయమేంటండీ? పెద్దగా చదువుకోలేదు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మా అమ్మాయి పురిటికని హైదరాబాద్‌లో ఉన్నాను. ఒక సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మకి మాట పడిపోయిందట. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారట. "చూడాలనుంటే వెంటనే వచ్చెయ్యక్కా" అన్నాడు.

రైల్లో సీటు దొరకలేదు. అల్లుడు పొద్దున్న విమానానికి టికెట్టు తీశాడు. "గన్నవరానికి గంటే అత్తయ్యగారూ" అన్నాడు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది నాకు. మా లంక నుంచి ఏలూరు వెళ్ళి రావాలంటేనే అంతకి మించి పడుతుంది!

అమ్మకి మాత్రం రైల్లో వస్తున్నానని చెప్పమన్నాను. విమానమంటే హడలిపోతుందని.

పక్క సీట్లో తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి, పెద్దాయన. విమానం లేస్తుంటే నేను కుర్చీ పట్టుకున్న తీరు చూసి, "కాస్త మెల్లిగానమ్మా, ఊడి చేతికొస్తుంది" అని నవ్వారు.

గంట దాటింది. దిగలేదు. కింద పొగమంచుందనీ, కాసేపు చూసి వెనక్కి హైదరాబాద్ వెళ్ళిపోతామనీ మైకులో చెప్పారు. కిటికీలోంచి చూస్తే అంతా తెలుపే, ఏలూరేదో కొల్లేరేదో తెలీదు. అమ్మ అక్కడే ఎక్కడో, నా కాళ్ళ కింద ఉంది. అందడం లేదు.

అప్పుడు వినపడింది. టంగ్ టంగ్... టంగ్.

వెనకటికి మంచు పడితే, మా లంకలో ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి ఇత్తడి పళ్ళెం గరిటెతో కొట్టేవారు, వేటకెళ్ళిన మగవాళ్ళకి దారి తెలియడానికి. ఒక్కో ఇంటికి ఒక్కో దెబ్బ. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా కొడితే అది మా అమ్మ. సెల్‌ఫోన్లొచ్చాక ఆ అలవాటే పోయింది.

దిగులుతో చెవులు మోగుతున్నాయేమో అనుకున్నాను. ఇంతలో పెద్దాయన తల తిప్పి, "ఏవండీ, ఎవరండీ ఆ పళ్ళెం కొట్టేది?" అన్నారు.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది, కానీ భయం వెయ్యలేదు. రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

చప్పుడు ఆగలేదు. విమానం కిందికి వంగింది. మంచు ఒకచోట విడిపోయి పచ్చటి చేలు కనపడ్డాయి. చక్రాలు నేలకి తగిలాక ఆ మోత ఆగింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మకి ఊపిరుంది. గుమ్మంలోనే మరదలు చెప్పింది. "మంచాన పడ్డ దగ్గర్నుంచీ చెయ్యి కదపని అత్తయ్యగారు, ఇవాళ పొద్దున్న మంచం పట్టె మీద ఒకటే కొట్టడం వదినా! ఎంత పట్టుకున్నా ఆగలేదు. తర్వాత తనే ఆపేసి నిద్రపోయారు."

ఎలా కొట్టిందన్నాను. పాపం, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, ఆ పళ్ళేల సంగతే ఎరగదు. తలుపు మీద కొట్టి చూపించింది. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా.

అమ్మ కళ్ళు తెరిచి నా వేళ్ళు పట్టుకుంది. పొద్దు వాలాక ప్రాణం పోయింది. ఆ పట్టు నేనే విడిపించుకోవాల్సి వచ్చింది.

"ఇంజన్ చప్పుడై ఉంటుందండీ" అంటాడు మా అల్లుడు. కావచ్చు, నేను వాదించను. హైదరాబాద్ నుంచి విమానం తెచ్చిందంటే సరే. ఆ చివరి కాస్త దూరం నన్నెవరు దింపారో మాత్రం ఇప్పటికీ నాకు తెలీదు.