ఎంగిలి పిల్లనగ్రోవి

పిల్లనగ్రోవి పట్టుకుంటే చుట్టూ గోపికలు చేరతారని పెద్దలు చెప్పగా విని మోసపోయినవాణ్ణి నేను. నా చుట్టూ చేరింది ఒక బర్రె, ఒక శెట్టి, కోపంతో కండువా దులిపిన ఒక కాబోయే మామగారు. ఆ రేకు గొట్టం దెబ్బకు కుదరబోయిన పెళ్లి కాస్తా నోటిదాకా వచ్చి, ఆ నోటివల్లే పోబోయింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. ఆ రోజు నవ్వినవాళ్లకంటే మీరు ఎక్కువ నవ్వలేరు.

అరవైల్లో మాట. మాది వాకాడు పక్కన పల్లె. వరి తప్ప వేరే రాగం తెలియని ఇల్లు. నాయుడుపేట వైపు చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు బంతిలో పప్పు వడ్డించిన అమ్మాయిని చూశాను. పేరు సరోజ. ఆ అమ్మాయి మళ్లీ మా వరసలోకి రావాలంటే నా విస్తట్లో పప్పు అయిపోవాలి. అందుకని తిన్నాను. మళ్లీ వచ్చింది. మళ్లీ తిన్నాను. మూడోసారి పిలిచేసరికి ఆగి, "ఇంకా వెయ్యమంటారా, గిన్నె ఇక్కడే పెట్టిపోనా?" అంది. ఆ మాటతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే జన్మంతా పప్పు ముట్టకూడదనుకున్నాను.

సంబంధం మాట్లాడ్డానికి మా మేనత్త రత్తమ్మ బయలుదేరింది. సరోజ నాన్న కోదండరామయ్యగారు ఆ ఊళ్లో భజనకు పెద్ద, హార్మోనియం వాయిస్తారు. పొలమెంత, చదువెంత అని అడిగాక, "అబ్బాయికి సంగీతం గింగీతం ఏమన్నా వచ్చునా?" అని అడిగారట. మా అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పిల్లంగోవి ఊదినాడంటే దూడలు పాలు తాగేది మానేస్తాయి! అది గూడా మామూలు వెదురుది కాదు, రేకుది ఊదతాడు. వెదురుది అందరూ ఊదతారు గదా."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు. మా అత్త వెయ్యింటి బరువూ ఒక్కదాని మీదే వేసి, ఆ ఒక్కటీ నా నెత్తిన పెట్టింది.

"అత్తా! నేనెప్పుడు ఊదినాను పిల్లంగోవి?"

"ఊదకపోతే ఇప్పుడు ఊదు. చూపులకు ఇంకా రెండు వారాలుండాది. నిన్నేమన్నా బావి తవ్వమన్నానా?"

"రేకుది అని ఎందుకు చెప్పినావు?"

"పోయినేడు తిరణాల్లో చూసినాలే, తళతళ మెరస్తా ఉండింది. నీకు బాగుంటాదనుకున్నా."

చూశారా, మేనల్లుడి మీద ప్రేమ! అయినా ముందు వెదురుదే ఒకటి అడిగి తెచ్చుకుని ఊదాను. రెండు రోజులూ ఉస్ ఉస్ తప్ప ఏమీ రాలేదు. మా అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదితే కనీసం మంటన్నా లేచేది. "ఏందిరా, ఉబ్బసమా?" అని నాన్న అరుగు మీదనుంచి కేకేశాడు. ఇక లాభం లేదని సైకిలెక్కి నాయుడుపేట పోయి, నా సైకిలు బాగుచేసే మస్తాను ముందు నా గోడు వెళ్లబోసుకున్నాను.

"రేకుదయితే సులువే అన్నా. అడ్డంగా పట్టుకునే పని లేదు. ఈల మాదిరి కొసన నోరు పెట్టి ఊదేదే. పక్కన గాజుల అంగట్లో ఉండాయి చూడు," అన్నాడు మస్తాను.

గాజుల అంగడి శెట్టి మంచివాడే, కానీ అంగట్లో ఆయన మాట శాసనం. దువ్వెనలూ రిబ్బన్లూ ఉన్న డబ్బా అడుగునుంచి రెండు రేకు పిల్లనగ్రోవులు తీశాడు. ఒకటి ఎర్ర రంగుది, ఒకటి పచ్చది. మూతి దగ్గర చిన్న కొయ్య బిరడా. ఊరంతటికీ ఉన్నవి ఆ రెండే. నేను ఆత్రంగా ఎర్రదాన్ని నోటి దగ్గరకు తీసుకెళ్లాను.

"ఆఁ, ఆఁ! నోట పెట్టినావంటే నీదే. వాపసు లేదు," అన్నాడు శెట్టి.

"ఊది చూడకుండా ఎట్టా శెట్టిగారూ?"

"ఎంగిలిది ఇంకెవురు కొంటారబ్బయా?"

"మంచిదో కాదో తెలియాలి గదా!"

"పిల్లను కాపురం చేసి చూసి కట్టుకుంటారంటయ్యా?"

పెళ్లికోసం వచ్చినవాడితో అనాల్సిన మాటేనా అది? కానీ న్యాయం ఆయన పక్కనే ఉంది. మా దిక్కున ఎంగిలి అంటే చిన్న విషయం కాదు. చెంబెత్తి గాల్లోనుంచి నీళ్లు పోసుకుని తాగేవాళ్లం. పెదవి తగిలితే చెంబు తోమాల్సిందే. పిల్లనగ్రోవిని గాల్లోనుంచి ఊదే ఉపాయం మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

కనిపెట్టానని నేను అనుకున్నాను. "నోరు తగలకుంటే చాలు గదా? మస్తాను దగ్గర గాలి పంపు ఉంది," అన్నాను. శెట్టికీ సరదా పుట్టినట్టుంది, గల్లాపెట్టెకు తాళం వేసి వెంట వచ్చాడు. సంతరోజు కావడంతో ఇంకో పదిమంది చేరారు. మస్తాను పాత ట్యూబు ముక్కతో పంపును పిల్లనగ్రోవికి తగిలించి, లారీ టైరుకు కొట్టినట్టు బలంగా ఒక్క దెబ్బ కొట్టాడు.

అది కూత కాదు. రెండు పాసింజరు రైళ్లు ఒకదాన్నొకటి తిట్టుకున్నట్టు ఉంది. ఎదురుగా కట్టేసిన బర్రె పలుపు తెంచుకుని వంకాయల గంపల్లోనుంచి పోయింది. బర్రె వెంట దాని యజమాని, అతని వెంట వంకాయలామె.

"నా బర్రెకేమన్నా అయితే ఎవుడు చెప్పాల?"

"నీ బర్రె సంగతి తర్వాత, నా వంకాయల సంగతేంది?"

ఇంత గొడవలోనూ శెట్టి చెవి పక్కన చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. "ఎర్రది పలికింది. పచ్చది గూడా కొట్టు మస్తాను," అన్నాడు. పచ్చదీ అట్లాగే అరిచింది. పంపుకు రాగం ఏం తెలుసు? మంచిదేదో చెడ్డదేదో తేలలేదు. వంకాయలు ఏరిచ్చే పని మాత్రం నాకు తేలింది.

తిరిగి అంగడికి వచ్చేసరికి ఒకామె గాజులకు వచ్చింది. శెట్టి ఆమె చెయ్యి నొక్కిపట్టి, కళ్లు గాజుల మీదే పెట్టి, ఒక్కొక్కటీ ఎక్కిస్తున్నాడు. గాజులు తొడిగేవాడు తల ఎత్తడు. అప్పుడే రోడ్డు మీద బస్సు హారను మోగింది. నేను గోడవైపు తిరిగి ఎర్రదాన్ని గబుక్కున నోట్లో పెట్టి ఊదాను. పందిపిల్ల గొంతు! బిరడా వదులుగా ఉంది కాబోలని గట్టిగా పంటికింద పెట్టి కొరికాను. మళ్లీ ఊదితే పందిపిల్ల కాస్తా తల్లిపంది అయింది. పచ్చదాన్ని ఊదితే, ఆహా, సన్నగా తీయగా పలికింది.

"ఏందది సద్దు?" అన్నాడు శెట్టి తల ఎత్తకుండానే.

"బస్సు హారను."

ఎర్రదాన్ని పైపంచెతో శుభ్రంగా తుడిచి డబ్బాలో పెట్టేశాను. పచ్చదాన్ని కొన్నాను. "ఊదకుండానే ఎంచుకున్నావే! గట్టివాడివి," అని మెచ్చుకున్నాడు శెట్టి. మూసిన నోటితోనే నవ్వాను. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చిన్నప్పుడు తాటిటెంక కొరకబోయి నా ముందుపన్ను సగానికి విరిగింది. ఇంత చిన్న విషయం కథలో ఎందుకని అడక్కండి.

సాధన కోసం సముద్రం ఒడ్డున సరుగుడు తోపుకు పోయేవాణ్ణి. ఒక భజన పాట పల్లవిలో సగం పట్టుబడింది. మిగతా సగం నాకు దొరక్కుండా తిరిగింది. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న పోలయ్య అనే ఆయన లేచి వచ్చి చేతులు జోడించాడు.

"సామీ, మూడు దినాలుగా వల్లో చేప పడలేదు. నీకు పున్నెముంటాది, ఆ ఏటి మొగవైపు పోయి ఊదు. ఆడుండేవన్నీ మాతట్టుకు వస్తాయి."

అయినా సగం పల్లవితోనే ధైర్యంగా పెళ్లిచూపులకు వెళ్లాను. జేబులో పచ్చ పిల్లనగ్రోవి, పక్కన మా అత్త. సరోజ కాఫీ తెచ్చి ఇచ్చింది. నన్ను గుర్తుపట్టి, "పప్పు గూడా తెమ్మంటారా?" అన్నట్టు చూసింది. నేను ముప్పైరెండు పళ్లూ, కాదు, ముప్పైఒకటిన్నర పళ్లూ కనిపించేలా నవ్వాను. అంతా సవ్యంగా ఉందనుకుంటున్నారు కదూ? నేనూ అట్లాగే అనుకున్నాను.

"ఇంక పిల్లంగోవి విందాం," అన్నారు కోదండరామయ్యగారు. నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆయన వారించారు. "పాతదెందుకు నాయనా? శుభమా అని కొత్తది తెచ్చిపెట్టినా. నాయుడుపేటంతా కలిపి ఒకే ఒకటి మిగిలుండాది. నాకోసమే ఆగినట్టు!"

పళ్లెంలో పూలమధ్య, పసుపు కుంకుమలు పెట్టి, దేవుడి ముందునుంచి తెచ్చారు. ఎర్రది.

"నోట పెట్టినోళ్లు లేరని శెట్టి ప్రమాణం చేసినాడు. ఆ అంగట్లో నోట పెడితే వాళ్లదే, వాపసు లేదంట. అంత కచ్చితం," అని మామగారు గర్వంగా చెబుతున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నారంటారు. నా గతి చూడండి, మద్దెల నిజంగానే ఓడు, ఆ మాట పైకి అనడానికి లేదు. చెడ్డదంటే "నీకెట్టా తెలుసు?" అంటారు. ఊదితే పంది.

"పసుపు ఇంకా ఆరలేదండీ," అన్నాను.

"ఆరిందిలే నాయనా."

"గొంతు కాస్త..."

"ఊదరా శీనా! ఊదేదానికి గొంతెందుకు?" అని మా అత్త మోచేత్తో పొడిచింది.

ఇంతలో కోదండరామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని పిల్లనగ్రోవిని కంటి దగ్గరకు తెచ్చుకున్నారు. కొయ్య బిరడా మీద పడిన గాట్లలో పసుపు చక్కగా నిండి, పంటిగుర్తులు అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి.

"ఇదేంది, పన్ను గాట్లు! ఎవుడో కొరికినాడే!" ఆయన లేచి నిలబడ్డారు. "ఎంగిలిది దేవుడి ముందర పెట్టినానా? కాబోయే అల్లుడి చేతికి ఇయ్యబోయినానా? ఇప్పుడే పోతా. ఆ శెట్టి సంగతి, ఆ కొరికినోడి సంగతి తేల్చి వస్తా!" అని కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

నేను నోరు మూసుకున్నాను. మూసుకున్నానంటే మాట వరసకు కాదు, పెదవులు బిగబట్టి కుట్టేసుకున్నట్టు మూసుకున్నాను.

"నాయనా, తప్పయిపోయింది. ఏమనుకోవద్దు," అన్నారు ఆయన.

"ఊఁ," అన్నాను.

"కోపమొచ్చిందా?"

"ఊఁహూఁ."

"మాట్లాడను గూడా మాట్లాడడం లేదు. మర్యాద తక్కువైందని అలిగినాడు!" అని సరోజ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. మా అత్త ముఖం పాలిపోయింది. సంబంధం నా కళ్లముందే జారిపోతోంది. నోరు తెరిస్తే దొంగ దొరుకుతాడు, మూస్తే పెళ్లి తప్పుతుంది. నిజం చెప్పేస్తున్నాను, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు సరోజ వచ్చి తండ్రి చేతిలోనుంచి పిల్లనగ్రోవి తీసుకుంది. గాట్లు చూసింది. రెండు గాట్లు లోతుగా ఉన్నాయి, మధ్యలో ఒకటి సగమే. తరువాత నన్ను చూసింది. పెదవి చివర చిన్నగా వణికింది.

"నాయుడుపేటకు పోవద్దులే నాన్నా," అంది. "ఆయన్ను ఒక్కసారి నవ్వమను."

ఆ మాట వింటే ఎవడు నవ్వకుండా ఉండగలడు? ఎంత బిగబట్టినా ఆగలేదు. ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చి నోరు బార్లా తెరుచుకుంది. కోదండరామయ్యగారు కళ్లజోడు సర్దుకుని పిల్లనగ్రోవిని చూశారు, నా పన్ను చూశారు, మళ్లీ పిల్లనగ్రోవిని చూశారు. హార్మోనియం మెట్లు సరిచూసే మనిషి కదా, నాలుగోసారి చూడనక్కర లేకపోయింది.

"నువ్వేనా నాయనా?"

బస్సు హారనునుంచి వంకాయలదాకా అంతా చెప్పేశాను. ముందు ఆయన గట్టిగా నవ్వారు. తర్వాత సరోజ అమ్మ, చివరికి పక్కింటివాళ్లు కూడా. మా అత్త మాత్రం, "దూడలు పాలు తాగేది మానేస్తాయని నేను చెప్పలేదా? బర్రెలే పారిపోయినాయి!" అంది.

ఇంత జరిగాకా ఆయన ఊదమన్నారు. ఎర్రదాన్నే ఊదాను. కొట్టంలో దూడ బెదిరి అంబా అంది. సరోజ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వీ నవ్వీ కూలబడింది. లోపలికి పోతూ వాళ్లమ్మ చెవిలో ఏదో చెప్పింది. వాళ్లమ్మ ముందుకు వచ్చి, "పిల్ల సరేనంది. అయితే ఆ గొట్టం మాత్రం మళ్లా ఊదకూడదంట," అని ప్రకటించింది.

పెళ్లయింది. బువ్వం బంతిలో ఇద్దరికీ ఒకే విస్తరి వేసి, ఒకరికొకరు తినిపించుకోమన్నారు. చుట్టూ ఆడవాళ్లు అల్లరి చేస్తుంటే సరోజ తలవంచుకునే పప్పన్నం ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. పెట్టి, నాకొక్కడికే వినపడేలా అంది:

"నోట పెట్టుకున్నారు. ఇంక మీదే. వాపసు లేదు."

ఆ ముద్ద మింగి, విస్తరి సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ అంగట్లోనూ కొనకముందు ఏ వస్తువునూ నోట పెట్టను గాక పెట్టను! ఈనాటికీ పండ్లబండి ముందు ద్రాక్షపండు రుచి చూడమంటే చేతులు వెనక్కి కట్టుకుంటాను. పక్కనుంచి మా ఆవిడ మాత్రం ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "మీరు వద్దులెండి, గింజలో గూడా పన్ను గుర్తు పడతాది," అంటుంది.