నెత్తితో చూసిన బిస్కెట్ రంగు

ఖానాపూర్‌లో రంగులేసేవాళ్లు పనిలోకి దిగగానే గోడ గీకుతారు. హనుమండ్లు నెత్తికి నూనె రాసుకుంటాడు. నవనీత ముందరి గదిలోకి వచ్చేసరికి అతని ఎడమచేతిలో సీసా ఉంది, కుడిచెయ్యి బట్టతల మీద గుండ్రంగా తిరుగుతోంది. ఆ నెత్తి మీద మహా అయితే ఇరవై వెంట్రుకలు. నూనె మాత్రం జాతరకు పోయే పిల్ల జడకు సరిపడా.

"అన్నా, గోడకెయ్యుమంటే నెత్తికేస్తున్నవా?"

"కండ్లతోని చూస్తే రంగు మోసం చేస్తది చెల్లె. నెత్తితోని చూడాలె."

అసలు రంగు వేయిస్తున్నదే ఒక మరక కోసం. నవనీత అత్త కిష్టవ్వ ఆ గదిలో గోడకు ఆనుకుని బీడీలు చుడుతుంది. తల ఆనేచోట పళ్లెమంత నూనె మరక. కొత్త రంగు పడ్డాక ఆమె బీడీలు చుట్టే చాట పెరట్లో రేకుల కిందికి పోవాలని నవనీత తీర్మానం. గదిలోనైతే వీధి కనిపిస్తుంది, దారినపోయేవాళ్లతో ముచ్చట నడుస్తుంది. రేకుల కింద ఎండ, బర్రె.

హనుమండ్లు మరక పక్కన నాలుగు బిస్కెట్ రంగులు అద్దాడు. ఆరాక పొట్టేలులా వంగి ఒక్కోదానికి నెత్తి ఆనించి రుద్దాడు.

"మరక గీకుమంటే ఇంకో నాలుగు పెడ్తున్నవేందన్నా!"

"గీకుత. దానితోని జర పనున్నది."

నవనీత మొదటి రంగు చూపించింది. "గిదే ఎయ్యి."

"ఎయ్య. నాలుగోదే ఎయ్యాలె."

"ఇల్లు నాది!"

"చెయ్యి నాది."

"అయినా నాలుగూ ఒక్కతీరుగనే ఉన్నయి గద!"

"ఒక్కతీరుగుంటే నాలుగోదానికి లొల్లెందుకు చెల్లె?"

నవనీత అతని చాయ్‌లో చక్కెర తగ్గించింది. అతను తగ్గలేదు. ప్రతి పూతా ఆరగానే నెత్తి ఆనించాడు. "గోడకు మొక్కుతున్నవా హన్మండ్లూ?" అని వీధిలోంచి ఎవరో అరిస్తే, "నీకంటే గోడ నయం" అన్నాడు.

మూడోనాటికి పని పూర్తయింది. కిష్టవ్వ చాట ఎత్తుకుని పెరటివైపు కదిలింది.

"యాడికవ్వా? నీ జాగల కూసోని గోడ ఎట్లున్నదో చెప్పు" అన్నాడు హనుమండ్లు.

"వద్దత్తమ్మా!" అని నవనీత అనేలోపే కిష్టవ్వ చాట దింపి కూర్చుని, అలవాటుకొద్దీ తల వాల్చేసింది. లేచాక నవనీత ఫోను లైటు వేసి వెతికింది. దగ్గరికి పోయింది, దూరం జరిగింది, పక్కనుంచి చూసింది. తల ఆనినచోట నూనె మచ్చ కనబడలేదు. ఆమె చాట జరిపి అత్త జాగలో గోడ పక్కనే పెట్టింది.

హనుమండ్లు మిగిలిన రంగు డబ్బా నవనీత చేతిలో పెట్టాడు. కిష్టవ్వ చేతిలో సీసా పెట్టాడు. ఖాళీది.

"మూడు రోజులసంది నా నూనె ఏ పిల్లి తాగుతుందా అని చూస్తున్న! నువ్వేనారా?"

"మరక నీది, నూనె ఇంకోలదైతే రంగెట్ల కుదురుతది అవ్వా?" అన్నాడు హనుమండ్లు, నెత్తి తుడుచుకుంటూ.