కొక్కెం పెట్టనిదే మాలు రాదు

మా ఆయన తాపీ మేస్త్రీ. ఆయన దగ్గర సిమెంటు మాలు కలిపే కూలీని నేను. పెళ్లయిన కొత్తలో మిర్యాలగూడలో రైస్ మిల్లుల గోడలు కట్టాం. తర్వాత చిలుకూరుకు వచ్చేసి, కోదాడలో దొరికిన పనల్లా చేశాం. ఇంట్లో ఆయన మాటే, పని దగ్గరా ఆయన మాటే. ఒక్క విషయంలో మాత్రం నా మాట చెల్లుతుంది. అది అంత తేలిగ్గా నా చేతికి రాలేదు.

కోదాడలో ఒక నాలుగంతస్తుల ఇంటికి బయటి గోడల ప్లాస్టరింగ్ పని దొరికింది. కర్రలతో కట్టిన పరంజా మీద నిలబడి ముగ్గురు మేస్త్రీలు పై నుంచి కిందికి పూస్తూ రావాలి. నేను కింద మాలు కలిపి, బకెట్లో నింపి, గిలక తాడు లాగి పైకి పంపాలి. మొదటి రోజే ఇంజనీరు సారు బెల్టులు తెచ్చి, భుజాలకూ నడుముకూ ఎలా బిగించుకోవాలో చూపించాడు. డాబా మీదా, ప్రతి అంతస్తులోనూ పిల్లర్లకు అడ్డంగా ఇనుప తాడు కట్టించాడు. బెల్టుకున్న కొక్కెం దానికే తగిలించాలనీ, పరంజా కర్రకు తగిలిస్తే కర్రతోపాటు మనిషీ పోతాడనీ నొక్కి చెప్పాడు.

మావాళ్లు బుద్ధిగా బెల్టులు కట్టుకున్నారు. కొక్కేలు మాత్రం తీసి తమ నడుములకే తగిలించుకున్నారు! పక్కకు జరిగి పిల్లరు దాటినప్పుడల్లా తీసి పెట్టడం వాళ్లకు విసుగట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా, పడితే నీ నడుమును నీ నడుమే పట్టుకుంటదా?" అని కింది నుంచి అరిచాను.

"నీకేం ఎరుకనే? మాలు పంపు!" అన్నాడు మా ఆయన.

పక్కనున్న మేస్త్రీ పకపకా నవ్వాడు. "వదినా, అన్నను కొంగుకు ముడేసుకున్నది సాలదా? గోడకు గూడ ముడేస్తవా?"

"ఏస్త! కొక్కెం పెట్టేదాక మాలు రాదు. ఇగ మీ ఇష్టం," అని తాడు వదిలేసి ఇసుక కుప్ప మీద కూర్చున్నాను.

మాలు అయిపోయి పైన ముగ్గురి తాపీలూ ఆగాయి. ఆయన తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. నేను కదల్లేదు. పంతం కాదది, భయం. మిర్యాలగూడలో మిల్లు రేకుల మీది నుంచి ఒక మనిషి జారిపడటం కళ్లారా చూశాను. అతని భార్య కూడా నాలాగే కింద పనిచేస్తోంది. తల మీది ఇటుకలు దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది. నేను ఆమెలా నిలబడదలచుకోలేదు.

చివరికి కొక్కెం ఇనుప తాడుకు పడింది. లేచి బకెట్ పంపాను. ఆ రోజు నుంచీ ఇదే తంతు. టీ తాగి పైకెక్కిన ప్రతిసారీ ఆయన మరిచిపోయినట్టు నటించేవాడు, నేను వెళ్లి ఇసుకలో కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వాన వెలిశాక మళ్లీ పని మొదలుపెట్టారు. ఉన్నట్టుండి ఆయన కాళ్ల కింది చెక్క జారింది. చెక్క వచ్చి ఇసుకలో పడింది, తాపీ పడింది. ఆయన పడలేదు. గోడకు ఆనుకుని, బెల్టుకు వేలాడుతూ కాళ్లు కొట్టుకుంటున్నాడు. మిగతా ఇద్దరూ పరుగున లోపలికి వెళ్లి, కిటికీలోంచి ఆయన్ను లాక్కున్నారు.

మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టాను.

"తిట్టవే, ఎంతసేపన్న తిట్టు," అన్నాడు. "ఇనేటందుకు ఉన్న గద."

ఇప్పుడు సూర్యాపేటలో పని నడుస్తోంది. మేస్త్రీలు పైకెక్కగానే, "వదినా, సూడు!" అంటూ కొక్కేలు లాగి చూపిస్తారు. మా ఆయనైతే రెండుసార్లు లాగి చూపిస్తాడు. అప్పుడు తాడు పట్టుకుంటాను.