హద్దుకు ముందే తెగిన వరుస

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి గణితశాఖ అధిపతిగా బదిలీ చేశారు. పరిశోధన పర్యవేక్షకుడి హోదా ఉండడంతో సునీత అనే పీహెచ్‌డీ విద్యార్థిని బాధ్యత కూడా నాకే వచ్చింది. ఆమెది సంతోష్‌నగర్. తండ్రి ఏసుదాసు సిటీబస్సు డ్రైవరు.

ఆమె అంశం ఒక రాళ్ల ఆట. వరుసగా పేర్చిన రాళ్లలోంచి ఇద్దరు వంతులవారీగా, నియమం ప్రకారం కొన్ని తీస్తారు. మధ్యలోంచి తీస్తే వరుస రెండుగా చీలుతుంది. తీయడానికి వీల్లేని వాడు ఓడినట్టు. కంప్యూటరు ప్రతి పొడవుకూ ఒక విలువ కడుతుంది. సున్నా వస్తే, ఎదుటివాడు పొరబడనంతవరకు, ఎత్తు వేయవలసినవాడికి ఓటమే. ఆ విలువలు ఒకచోటి నుంచి అదే క్రమంలో తిరిగి వస్తుంటే దాన్ని ఆవర్తనం అంటాం. ఫలానా హద్దు దాకా అది చెడకపోతే ఇక ఎన్నటికీ చెడదని సిద్ధాంతం. అప్పుడు ఎంత పొడవు వరుసకైనా గెలుపు ఎత్తు చెప్పేయవచ్చు.

సునీతకు ఆవర్తనం దొరికింది. ఆ ధైర్యంతోనే, చేతికొచ్చిన బ్యాంకు ఉద్యోగం వదులుకుని థీసిస్ రాసింది. లెక్క హద్దు చేరడమే మిగిలింది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి నిలబడే చెప్పింది: "వరుస తెగింది సార్. హద్దు ఇంక జర్రంత దూరమే ఉండె." విలువలు పాత క్రమం తప్పాయన్నమాట.

ఇలాంటప్పుడు వేరొకరు, మొదటి ప్రోగ్రాము చూడకుండా, కొత్తగా రాసి సరిచూడాలి. నేను రాశాను. రెండు ఫలితాలూ అక్షరాలా కలిశాయి. సునీత తెర మీంచి కళ్లు తిప్పలేదు. "తప్పు నాదైతే మంచిగుండు సార్. దిద్దుకుంటుంటి," అంది.

లెక్కను ఇంకా ముందుకు నడిపించాం. కొత్త ఆవర్తనం కనిపించలేదు. అసలు లేదని రుజువు చేసే దారీ దొరకలేదు. ఉందనీ లేదనీ చెప్పలేని థీసిస్‌ను యూనివర్సిటీ కమిటీ తీసుకోలేదు. గడువు పెంపు కోరుతూ నేను రాసిన సిఫారసు తిరిగివచ్చింది. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దయింది.

ఏసుదాసు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. "పోరి అన్నం గూడ తింటలేదు సార్. గింత చదివినంక ఇగ ఏం లేదా?" అని అడిగాడు. లేదన్నాను. "అంటే నా బిడ్డ ఓడిపోయినట్టేనా?" అన్నాడు. ఆ ఆట ఇప్పటిదాకా ఎవరికీ తేలలేదని చెప్పాను. అది ఆయనకు జవాబు కాలేదు.

సునీత ఇప్పుడు బేగంబజార్‌లో ఒక గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు కొడుతోంది. గణితం మాట ఎత్తదు.

కంప్యూటరు ఎంతవరకు లెక్కించిందో అంతవరకే నిజం చెబుతుంది. ఆ తర్వాత ఏముందో దానికి తెలియదు, మనకూ తెలియదు. పదవీ విరమణ దాకా ఆ ఆటను నేను మరే విద్యార్థికీ ఇవ్వలేదు.