ఊదాపూల తీగ

ఎక్కడినుంచో వచ్చి కాలువ గట్టునంతా మింగేస్తున్న ఊదాపూల తీగకి ఫొటోలు తీయడమంటే లెక్కల మాస్టారికి పిచ్చి. ఎంత మోజో అంత భయం. ఒక్క గింజ పడితే చాలు, తోటలకి తోటలే మాయం. అందుకే ఇంటికి రాగానే బాల్కనీలో పూలకుండీల పక్కన చతికిలబడి బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దుతారు, ప్యాంటు మడతలు విప్పి దులుపుతారు, జేబులు తిరగేస్తారు. అయినా నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచీ దులుపుతారు. ఇవాళ దులుపుతూ దులుపుతూ తలెత్తితే, ఎదురుగా కుండీలో ఊదా మొగ్గ!

"దానంతటదే మొలిచిందండీ, ఎంత ముద్దుగా ఉందో!" అంది భార్య మురిసిపోతూ. "కిందింటి వదినకీ, మేడమీది పిన్నిగారికీ చెరో కొమ్మ ఇచ్చాను."

మాస్టారు ఒంటి బూటుతోనే మెట్ల మీదికి పరుగెత్తారు. సగం దిగి, మళ్ళీ వెనక్కొచ్చారు, కెమెరా కోసం.