ఈశాన్యం అడగని మనిషి

సూర్యాపేటలో మా ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు బ్రోకరు వద్దనుకున్నాను. మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. అమ్మేవాళ్లింట్లో ఒక టీ తాగి, కొనేవాళ్లింట్లో ఇంకో టీ తాగి, చివరికి ఇల్లు తనే కట్టినట్టు మాట్లాడతాడు. ఆ మాటలేవో నేనే మాట్లాడుకోగలననిపించింది. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. కానీ నోరు మాత్రం నాతోనే వచ్చింది.

నాది బండ్ల కరెంటు పని. కోదాడ హైవే మీద షాపు పెట్టాక, రోజూ బస్సులో పోయి రావడం కష్టమై ఇల్లే అటు మార్చేద్దామనుకున్నాం. ఒక ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టాను. దాని మీద నా ఫోన్ నంబరుతోపాటు రాయించింది ఇది: ఇల్లు అమ్మబడును. మధ్యవర్తులు వద్దు. పగలు ఎప్పుడైనా చూడవచ్చును. ఇంట్లో ఆడవాళ్లు ఉంటారు.

చివరి ముక్క మర్యాద కోసం రాయించాను. మా దగ్గర ఇల్లు చూడ్డానికి భార్యాభర్తలిద్దరూ వస్తారు. వచ్చినామె వంటింట్లోకి, స్నానాల గదిలోకి తొంగిచూడాలి. ఇంట్లో ఆడమనిషి లేకపోతే గడప దగ్గరే ఆగిపోతుంది. అందుకని ముందే ధైర్యం చెప్పానన్నమాట. ఫ్లెక్సీ షాపతను ఆ ముక్క అవసరమా అని అడిగాడు. దానికి వేరే చార్జీ ఉందా అన్నాను. ఎర్ర అక్షరాల్లో కొట్టిచ్చాడు.

మా ఆవిడ చదివి, "ఆడవాళ్లంటే ఎంతమందయ్యా? నేనొక్కదాన్నే కద" అంది.

గౌరవం కోసం బహువచనం అన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వనప్పుడే ఆ ఫ్లెక్సీ విప్పాల్సింది.

ఆ వారం కోదాడలో కాలు నిలవలేదు. ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే ఇంకో రకం ఉలికిపాటు. ఒక ట్రాలీ ఆటోకు వైర్లు కలిపితే, హారన్ నొక్కినప్పుడల్లా వైపర్ ఊగింది. ఇది కొత్త మోడల్ అని డ్రైవరుకు చెప్పి చూశాను, ఒప్పుకోలేదు.

అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ఒకాయన వచ్చిండు. మిర్యాలగూడ అంటుండు. ఒక్కడే."

"సూపియ్యి మరి."

"సూపిస్తనే ఉన్న. కని ఈశాన్యం అడుగుతలేడు."

నవ్వొచ్చింది. అంతకుముందు వచ్చినవాళ్లెవరూ ఇంటిని చూడలేదు, దిక్కుల్నే చూశారు. ఒకాయనైతే చెప్పులు విప్పకముందే ఫోన్లో దిక్సూచి పెట్టుకుని వాకిట్లో గుండ్రంగా తిరిగాడు, కళ్లు తిరిగి మా మెట్ల మీదే కూర్చున్నాడు. అడగనివాడు దొరికితే మంచిదేగా అనబోయాను. ఈలోపు ఆమె మిగతాది చెప్పింది. వెనక తలుపుకు గడియ లోపలా బయటా అని అడిగాడట. మీ ఆయన కోదాడ నుంచి ఎప్పుడొస్తాడని అడిగాడట. ఎదురింట్లో పగలు ఎవరుంటారని కూడా అడిగాడట.

నవ్వు నోట్లోనే ఎండిపోయింది. ఫోన్ పెట్టేయకుండా బయటికొచ్చి గేటు దగ్గర నిలబడమన్నాను. చెబుతుండగానే ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

ఎదురింటి కాకకు చేశాను. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మా ఇంట్లో దొంగలాంటివాడు ఉన్నాడు, జర పోయి చూడమన్నాను.

"పోయిన ఎండాకాలం మా బాత్రూంల పామన్నవ్. పోయి సూస్తే నీళ్ల పైపు. గిప్పుడు దొంగనా? అన్నం తింటున్న, పెట్టెయ్" అని ఆయనే పెట్టేశాడు.

ఇన్నేళ్లుగా వీధంతటినీ నవ్వించి నేను సంపాదించుకున్న పేరు అది. మళ్లీ చేశాను. "కాకా, నీ కాల్మొక్కుత" అన్నాను. నా నోట అలాంటి మాట ఆయన ఎప్పుడూ వినలేదు. చెయ్యి కడుక్కోకుండానే లేచాడట.

షాపు పక్కవాడికి అప్పగించి బస్సెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాను. మునగాల దగ్గర ఒక పెద్దామె మూటలతో ఎక్కుతుంటే, ఆలస్యం కాకూడదని మూటల్తోపాటు ఆమెనూ ఎత్తినంత పని చేశాను. కండక్టరు చూసి, "కూసో అన్నా, నువ్వు నిలబడితే బస్సు జల్ది ఉరుకదు" అన్నాడు. మామూలుగా అయితే నేను అనాల్సిన మాట.

కాక ఫోన్ వచ్చింది. వాడు పోయాడు, మా ఆవిడకేం కాలేదు అన్నాడు. అప్పుడు కూడా కూర్చోలేదు.

జరిగింది తర్వాత తెలిసింది. బోరు చూపిస్తానని మా ఆవిడ అతన్ని వాకిట్లోకి తెచ్చిందట. మా ఆయన మనిషిని చూడనిదే బేరం మాట్లాడడు, ఒక ఫోటో పంపాలె అని ఫోన్ అతని ముఖానికి ఎదురుగా పెట్టిందట. అందుకే నా ఫోన్ ఎత్తలేదు. ఎండగా ఉందంటూ అతను రుమాలు ముఖానికి చుట్టుకున్నాడు. అప్పుడే అన్నం చేత్తో కాక గేటు తీశాడు. మళ్లొస్తానని అతను బండెక్కాడు. నంబరు ప్లేటు నిండా మట్టి.

ఆ సాయంత్రం కత్తెర పట్టుకుని ఫ్లెక్సీలో కింది రెండు ముక్కలూ కోసేశాను. ఆదివారం మాత్రమే, ముందు ఫోన్ చేయాలి అని చేత్తోనే రాశాను. ఎవరు, ఏ ఊరు, ఇక్కడ తెలిసినవాళ్లెవరు, ఇవన్నీ ఫోన్లోనే అడగాలంది మా ఆవిడ. కాగితాలు జిరాక్సులే చూపించాలని, అవి కూడా ఫోన్లో పంపొద్దని కాక చెప్పాడు. ఈశాన్యం అడగనివాణ్ని నమ్మకూడదన్న రూలు మాత్రం నాది.

తర్వాతి ఆదివారం ఒక టీచరూ ఆయన భార్యా వచ్చారు. ఆయన పుట్టింది కోదాడలో, ఉద్యోగం ఇప్పుడు సూర్యాపేటకు మారింది. మనిషి మెత్తగా ఉన్నాడు. కానీ ఎంతసేపైనా దిక్కుల ఊసెత్తడు. నేనే ఈశాన్యం మూలకు పోయి నిలబడి దగ్గాను. "ఇది ఈశాన్యం సార్" అన్నాను. "అట్లాగా అండీ" అని నల్లా తిప్పి చూశాడు. తోడుగా ముందే వాకిట్లో కూర్చోబెట్టిన కాకకు సైగ చేశాను. ఆయన కుర్చీలోంచి లేచి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం సార్, దిక్కులు సూడరా?"

"మేం చర్చికి వెళ్తామండి, వాస్తు పట్టింపు లేదు. ఎండాకాలం బోరులో నీళ్లుంటాయా అండీ?"

కాక నా వైపు చూసిన చూపు ఆ పైపు నాటిదే. ఈలోపు టీచరుగారి భార్య వంటింట్లో నీళ్లు పోయే మోరీ దగ్గర వంగి వాసన చూసి, ముఖం చిట్లించి, మా ఆవిడతో మాట కలిపేసింది.

వాళ్లు వెళ్లాక, నా రూలు పోయింది కదా, మనిషిని ఇక ఎట్లా పసిగట్టాలి అని మా ఆవిడను అడిగాను. గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఈ సారు ఇంటి సంగతి అడిగిండు. ఆడు మన సంగతి అడిగిండు."

టీచరుగారితో మాట కుదిరింది, రిజిస్ట్రేషన్ మిగిలింది. ఫ్లెక్సీ తీసేశాను కానీ ఎవరి ఫోన్లోనో దాని ఫోటో ఇంకా తిరుగుతున్నట్టుంది. నిన్న షాపులో ఉండగా కొత్త నంబరు నుంచి ఒకతను చేశాడు. ఇల్లు ఎంత, ఎక్కడ, ఏమీ అడగలేదు.

"అన్నా, పగటిపూట ఇంట్ల ఎవరుంటరు?"

"మస్తు మందిమి ఉంటం" అని పెట్టేసి, వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. ఆమె ఎత్తేదాకా నిలబడే ఉన్నాను.