సారు మా ఇంట్లో దిగలేదు

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు సిరిసిల్ల నుంచి వచ్చింది. ఫోన్ చేసింది సారు ఇంటివాళ్ళు కాదు, సారు కిరాయికి ఉన్న ఇంటి ఓనరు. అతనూ సారు దగ్గర చదువుకున్నవాడే, నాకంటే చాలా ఏళ్ళు వెనక. "అక్కా, పొద్దుగాల నమాజుకు లేసి, వజూకు కాళ్ళు చేతులు కడుక్కుంట కూలబడ్డరు. సారు ఇగ లేరు" అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, ఈ కబురు చెప్పే హక్కు కూడా వీడికే దక్కిందా అనుకున్నాను. ఎవరేమనుకున్నా సరే, సారు గురించి రాద్దామని కూర్చుంటే నాలో దుఃఖం ఎంత ఉందో కుళ్ళూ అంతే ఉంది. రెంటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు.

సారు మాకు కోరుట్ల హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఆ తర్వాత జగిత్యాలకు మారారు, సిరిసిల్లలో రిటైరయ్యారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, జేబు అంచు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. బోర్డు తుడిచే ముందు "తుడువన్నా?" అని చివరి బెంచీ వైపు చూసేవారు. వాళ్ళు తలలూపితే తప్ప డస్టర్ ముట్టుకునేవారు కాదు. ముందు బెంచీలో కూర్చున్న నాకు అప్పుడు కూడా మంటే. నేను ఎప్పుడో రాసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను, నా వైపు చూడొచ్చు కదా అని.

పుస్తకంలో వడ్డీ అని ఉంటే సారు మిత్తి అనేవారు. ఆయన నమ్మకం ప్రకారం మిత్తి తీసుకోవడమూ తప్పే, ఇవ్వడమూ తప్పే. మరి మాకెందుకు నేర్పుతున్నారని ఎవరో అడిగితే, "అది ఎంత తింటదో తెల్వాలె గదరా. తెల్వనోని దగ్గర ఇంక ఎక్కువ తింటది" అన్నారు. ఆ మాట మీదే బతికారు. బ్యాంకు లోను తీసుకోలేదు. చేతిలో ఉన్న డబ్బుతో కొనగలిగిన రోజున ఇల్లు కొంటానని అంటూ ఉండేవారు. ఇళ్ళ ధరలు ఆయన కోసం ఆగలేదు. చివరిదాకా కిరాయి ఇళ్ళలోనే ఉన్నారు.

అలాంటి మనిషి ఊళ్ళో ఎవరు ఇంటి లోను తీసుకున్నా వాళ్ళ కాగితాలు ముందేసుకుని కూర్చునేవారు. మేం కోరుట్లలో పైన ఒక పోర్షన్, కింద ఒక పోర్షన్ ఉన్న ఇల్లు కొనాలనుకున్నప్పుడు సారుకే ఫోన్ చేశాను. మా ఆయనకు హార్డ్‌వేర్ షాపు, నాకు ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. బ్యాంకులో వాళ్ళు చెప్పినదానికల్లా ఇద్దరం తలలూపి వచ్చాం. సారు వేములవాడ మీదుగా బస్సులో వచ్చారు. అత్తమ్మ ఇచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా మొదటి పేజీ వదల్లేదు.

ఫ్లోటింగ్ రేటు అంటే తగ్గే రేటని మా ఆయన సంబరం. "తగ్గుతది, పెరుగుతది కూడ" అన్నారు సారు. "పెరిగినప్పుడు శానాసార్లు కిస్తీ గంతే ఉంచి ఏండ్లు పెంచుతరు. కిస్తీ మారలేదు గాబట్టి నువ్వు ఏం గాలేదనుకుంటవ్." మొదటి ఏళ్ళలో మనం కట్టే కిస్తీలో ఎక్కువ భాగం మిత్తికే పోతుందని, అసలు తగ్గడం చాలా ఆలస్యంగా కనిపిస్తుందని, మధ్యలో చూసుకుని గుండె ఆగినంత పని చేసుకోవద్దని ముందే చెప్పారు. మార్ట్‌గేజ్ అన్నచోట వేలు పెట్టి ఇది తాకట్టు అన్నారు. అత్తమ్మ ముఖం మాడిపోయింది. పెగడపల్లిలో ఒకప్పుడు వాళ్ళింటికే జనం తాకట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇల్లు మీదే, ఉండేదీ మీరే, కాగితాలు మాత్రం అప్పు తీరేదాకా బ్యాంకులో ఉంటాయి, కిస్తీలు ఆపితే అమ్ముకునే హక్కు వాళ్ళకుంటుంది అని సారు ఆమెకు రెండుసార్లు నిదానంగా చెప్పారు.

తర్వాత నా వైపు తిరిగారు.

"బిడ్డా, గీడ కో-అప్లికెంట్ అని నీ పేరున్నది. ఇల్లు రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?"

ఆయన పేరు మీదే అన్నాను.

"అంటే అప్పుల నువ్వున్నవ్. ఇంట్ల లేవు."

కో-అప్లికెంట్ అంటే ఏదో తోడు సంతకం అనుకున్నాను. కిస్తీ ఆగితే మొత్తం బాకీకి నన్ను కూడా పట్టుకుంటారని, ఇంట్లో మాత్రం నాకు వాటా రాసి లేదని అప్పుడు తెలిసింది. మా గల్లీలో అందరూ ఇలాగే చేస్తారని మా ఆయన గొణిగారు. నిజమే, మా గల్లీలో ఇళ్ళన్నీ మగవాళ్ళ పేరు మీద ఉన్నాయి, లోన్లలో ఆడవాళ్ళ సంతకాలు ఉన్నాయి. సారు వాదించలేదు. చల్లారిన చాయ్ తాగి, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు కదా, ఆలోచించుకోండి అని లేచారు. మా ఆయన మూడో రోజు నా ఆధార్ కార్డు అడిగారు. ఇవాళ ఈ ఇంటి కాగితంలో నా పేరు కూడా ఉందంటే అది సారు చలవే.

బ్యాంకు వాళ్ళు ఒక హామీదారు కావాలన్నప్పుడు చనువుకొద్దీ సారునే అడిగాను. "చెప్పమంటే ఎన్నిమాట్లయిన చెప్త బిడ్డా. సంతకం మాత్రం అడగకు" అన్నారు. మిత్తి కాగితం మీద ఆయన ఎవరికీ సంతకం పెట్టరని తెలుసు. తెలిసినా మనసు చివుక్కుమంది.

మేం కొత్తింట్లో దిగిన కొన్నాళ్ళకే సిరిసిల్లలో సారు ఉంటున్న ఇంటిని అప్పటి ఓనరు అమ్మేశాడు. సారూ, ఆపా ఇల్లు వెతుక్కుంటున్నారని తెలిసింది. ఆపా అంటే సారు భార్య, ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. మా పై పోర్షన్ ఖాళీగానే ఉంది. ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. వచ్చేయండి సార్, పైసా ఇవ్వొద్దు, మీ బిడ్డ ఇల్లే అనుకోండి అన్నాను. చూస్తా బిడ్డా అన్నారు. చూడలేదు. నెల తిరక్కుండా, సారు పోయిన కబురు చెప్పిన ఆ సిరిసిల్ల శిష్యుడి ఇంట్లో మేడ మీద దిగారు, అదీ కిరాయికి.

నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు చెప్పిన సారు దగ్గర కిరాయి తీసుకుంటాడా, ఆ డబ్బుతో తన కిస్తీ కట్టుకుంటాడా అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. ఒకసారి చూసొద్దామని వెళ్తే మరమగ్గాల చప్పుడు మధ్య ఆ మేడ మీద సారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కింది నుంచి వాడు "మా సారు, మా సారు" అంటూ చాయ్ పట్టుకొచ్చాడు. చిట్టీ ఎత్తిన డబ్బు లోనులో ముందుగానే కట్టేశాడట. అలా కట్టినప్పుడు కిస్తీ తగ్గించమని కాకుండా ఏళ్ళు తగ్గించమని బ్యాంకులో అడగాలని సారు చెప్పారట. ఆ మాట నాకెందుకు చెప్పలేదని వాడి ముందే సారును నిలదీశాను.

"నువ్వు అడగలే బిడ్డా. వాడు అడిగిండు."

బస్టాండుదాకా సారు నాతో నడిచి వచ్చారు. నీకు వాని మీద కుళ్ళు కదా అన్నారు. అబ్బే, అదేం లేదన్నాను. సారు నవ్వారు. "నాకు మీ ఇద్దరి మీద ఉన్నది. గృహప్రవేశం కార్డు వస్తె ఇప్పటికీ రెండొద్దులు మనసు మంచిగుండది. అయినా పోత, తింట, ఇల్లు మంచిగున్నదని చెప్పొస్త." బస్సు వచ్చేసింది. సారు లోపలికి తొంగి చూసి నాకు సీటు దొరికాకే వెనక్కి తిరిగారు.

సారు పోయిన రోజు జనాజా మోయడానికి వాడు భుజం ఇచ్చాడు. ఆడదాన్ని, నేను గుమ్మం దగ్గర ఆడవాళ్ళ మధ్య నిలబడి చూశాను. ఆ భుజం మీద నాకున్న కుళ్ళు ఇంకా పోలేదు, పోతుందని కూడా అనుకోను.

భర్త పోయాక నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసేదాకా ఆపా ఆ ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుల్లో రెండు మూడుసార్లు వెళ్ళి ఆమె దగ్గర కూర్చున్నాను. ఒకసారి ఉండబట్టలేక, సారుకు నేనేం తక్కువ చేశానని మా ఇంటికి రాలేదని అడిగేశాను. ఆపా నా వైపు వింతగా చూసింది.

"నువ్వు పైసలు వద్దంటివి గదమ్మా. ఊరికె ఉంటే సుట్టాలమైతం అన్నడు. సుట్టాలు ఎన్నొద్దులుంటరు? వీడు కిరాయి చెప్పిండు, మేం దిగినం. నీ ఇల్లే ఆయనకు మనసుల ఉండె."

ఇన్నేళ్ళూ వాడు సిగ్గులేక కిరాయి తీసుకుంటున్నాడనుకున్నాను. నా దగ్గర సారుకు ఇల్లు దొరకకుండా చేసింది నేనే. బస్సులో కోరుట్లదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

ఇద్దత్ అయిపోయాక ఆపా కోరుట్ల వచ్చింది. ఆమె అక్క ఇక్కడే ఉంటుంది, ఇకమీదట అక్కకు దగ్గరగా ఉండాలని ఆమె ఆలోచన. మా మెట్లు మెల్లగా ఎక్కి, గదులు తిరిగి, కిటికీలు తెరిచి చూసి, "కిరాయి ఎంత?" అంది. వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగి, మా గల్లీలో నడుస్తున్న రేటు చెప్పాను.

"గంతనా? జర తగ్గించు" అంది ఆపా. కొంచెం తగ్గించాను. అడ్వాన్సు నా చేతిలో పెట్టింది. లెక్కపెట్టి తీసుకొమ్మంది. లెక్కపెట్టాను.

సాయంత్రం సిరిసిల్ల నుంచి ఫోను. "అక్కా, ఆపా ఖాళీ చేస్తదట. నేనేం తక్కువ జేసిన?" నువ్వేం తక్కువ చెయ్యలేదు తమ్ముడూ అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు సంతోషమేసింది, ఎందుకు దాచాలి.

ఆపా దిగి వారమైంది. నిన్న పొద్దున పిట్టగోడ మీంచి వంగి, వంటింట్లో నల్లా కారుతోంది, నీళ్ళన్నీ బండ మీదికి వస్తున్నాయి, ఇలాంటి ఇంటికి గంత కిరాయా అని గల్లీ అంతా వినేటట్టు గట్టిగా అడిగింది. షాపులోంచి వాషరు తెచ్చుకుని పైకి పరుగెత్తాను. నేను మోకాళ్ళ మీద కూర్చుని పానా తిప్పుతుంటే, ఆపా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇంకా కారుతోంది, ఇంకొంచెం బిగించమంది.